అమ్మడానికి అరకు తీసుకెళ్లిన ఎర్రబండి

మేము అరకు వెళ్లింది చల్లగాలి కోసం కాదు, గుహలు చూడ్డానికీ కాదు. కారు అమ్మేయడానికి వెళ్లాం. తొంభైల చివర్లో ఒక ఏప్రిల్ శనివారం, పొద్దున్న ఐదూ నలభైకి విశాఖపట్నంలో బయల్దేరాం. బయల్దేరడమంటే, నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన, పాలవాడు, లుంగీలో ఉన్న ఎదురింటి రిటైర్డు హెడ్‌మాస్టారు ముగ్గురూ కలిసి వెనక నుంచి తోశారు.

మా ఆయన పేరు జయరాజు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరరు. నా పేరు సుగుణ, ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుని. తొమ్మిదేళ్ల కిందట ఒక ఓడ కెప్టెను ఊరొదిలి వెళ్లిపోతూ తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని పద్దెనిమిది వేలకి ఈయనకి అంటగట్టాడు. ఇంగ్లండులో తయారైన బండి, నాకంటే రెండేళ్లు పెద్దది. ఎర్ర రంగు, ముందు పొడుగాటి బానెట్టు, నేలకి జానెడు ఎత్తులో సీట్లు. పైన గుడ్డ టాపు ఉండేది. అది చిరిగిపోతే కొత్తది కుట్టడానికి నాలుగు వేలు అడిగారు. "అక్కర్లేదు, వానాకాలంలో గొడుగు పట్టుకుంటాను" అన్నాను. నిజంగానే మూడు వానాకాలాలు పట్టుకున్నాను.

కొన్నది పద్దెనిమిది వేలకే గానీ, దాన్ని బతికించడానికి అయిన ఖర్చు వింటే మీకు మతిపోతుంది. క్లచ్ ప్లేటు కలకత్తా నుంచి రావాలి. హెడ్ గాస్కెట్టు రెండుసార్లు పోయింది. కార్బురేటరు సామాను బొంబాయి నుంచి పార్సిల్లో వచ్చింది. ఆ నెల నా జీతం అదే పార్సిల్లో తిరిగి వెళ్లింది. దొరకని పార్టు ఉంటే మా మెకానిక్కు గురుమూర్తి మేస్త్రి, "కొనక్కర్లేదమ్మా, లేతు మిషను మీద నేనే చేయించేస్తాను" అనేవాడు. చేయించింది కొన్నదాని కంటే రెట్టింపు అయ్యేది, ఆరు నెలలకే మళ్లీ పోయేది. ఆ మేస్త్రి రెండో షెడ్డు వేసుకున్నాడు. దాని రేకుల్లో సగం నావే. మా పాస్టరుగారు సంఘంలో ఎవరు బండి కొన్నా ఒక్కసారి ప్రార్థన చేసి ఊరుకుంటారు. మా బండికి మాత్రం ఏటేటా చేసేవారు. డెబ్బై నాలుగు వేల దాకా లెక్క రాసి, తర్వాత నా ఆరోగ్యం కోసం మానేశాను.

ఆఖరికి మూడు వారాల ముందు సెల్ఫు మోటరు కాలిపోయింది. తాళం తిప్పితే టిక్కుమంటుందే తప్ప ఇంజను కదలదు. వైండింగు చేయించడానికి ఆరువందల యాభై అవుతుందన్నాడు మేస్త్రి. నేను ఠపీమని, "అమ్మేసే బండికి సెల్ఫెందుకు?" అన్నాను. ఆ ఒక్క మాట ఖరీదు ఎంతయిందో ముందుకి వెళ్తే మీకే తెలుస్తుంది.

కొనేవాడు సత్యంబాబు అని, అరకులో కొత్తగా హోటలు కట్టినాయన. ఒక పెళ్లిలో మా బండి చూసి ముచ్చటపడ్డాడు. యాభై ఐదు వేలు ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో నాకు చాలా అవసరం ఉంది. పెందుర్తిలో మా ఇల్లు కిటికీల ఎత్తు దాకా లేచి, స్లాబుకి డబ్బుల్లేక రెండేళ్లుగా వానలో నానుతోంది. వంటగది కావలసిన చోట ఆముదం మొక్కలు మొలిచాయి. యాభై ఐదు వేలొస్తే స్లాబు పడుతుంది. సత్యంబాబు పెట్టినవి రెండే షరతులు. లారీ ఖర్చు తాను పెట్టడు కాబట్టి బండి తన ఇంజను మీదే ఘాట్ ఎక్కి రావాలి. శనివారం నాలుగింటిలోపు రావాలి, ఎందుకంటే నాలుగున్నర రైలుకి ఆయన విశాఖ వెళ్లిపోతాడు. రాకపోతే సాలూరులో చూసిపెట్టుకున్న పాత జీపు కొనేసుకుంటాడట.

"సెల్ఫు లేకుండా ఘాట్ ఎలా ఎక్కుతామండీ?" అని ముందురోజు అడిగాను.

"కొండదారి అంటేనే వాలు సుగుణా. ఎక్కడ ఆపినా వదిలేస్తే చాలు, స్టార్టయిపోతుంది."

"అది దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు?"

"ఎక్కేటప్పుడు వెనక్కి వదిలి, రివర్సులో స్టార్ట్ చేస్తాం."

ఈయన పాతికేళ్లుగా పిల్లలకి ఇంజన్ల పాఠాలు చెబుతున్నాడు. ఆ పిల్లలు ఏమయ్యారో నాకు తెలియదు.

ఎనిమిదీ పదికి శృంగవరపుకోట చేరాం. అక్కడి దాకా ఏ గొడవా లేదు. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ బాగుంటుంది, మీరు వెళ్తే తినండి; ఇద్దరికీ టీలతో కలిపి పద్దెనిమిది రూపాయలయింది. తినేసి బయటికొచ్చి చూస్తే ఈయన బండిని నున్నటి సమతలం మీద ఆపాడు. పది గజాల అవతలే మంచి వాలు ఉంది. "చూసుకోలేదు" అన్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు నలుగురు వచ్చి తోశారు. వాళ్లలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "ఈ బండి ఏటికమ్మా మీకు? ఇద్దరెక్కితే నలుగురు తొయ్యాల" అన్నాడు. తొమ్మిదేళ్లుగా నేను చెబుతున్నదీ అదే.

మా తోసుడు పద్ధతి గురించి కొంచెం చెప్పాలి; సెల్ఫు బాగున్న రోజుల్లోనూ బ్యాటరీ పుణ్యమా అని అది మాకు అలవాటే. ఈయనకి బలమెక్కువ కాబట్టి తోసేది ఈయన. స్టీరింగు దగ్గర కూర్చుని, సెకండు గేరులో పెట్టి, బండి ఊపందుకోగానే క్లచ్ వదిలేది నేను. ఇంజను అందుకోగానే ఈయన పరిగెత్తుకొచ్చి, తలుపు మీదుగా కాలేసి సీట్లోకి దూకుతాడు, నేను పక్క సీట్లోకి జరుగుతాను. బండి ఆపితే మాత్రం ఇంజను ఆరిపోతుంది, అదొక జబ్బు. అంచేత ఈ మార్పంతా బండి కదులుతుండగానే జరగాలి. తొమ్మిదేళ్లలో నేను నడిపింది ఎంతంటే, ఎప్పుడు చూసినా మొదటి పది గజాలే.

బొడ్డవర దాటాక కొండ మొదలైంది. కాశీపట్నం దగ్గర మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా ఒక వెదురు బొంగు కనిపించింది. చెరో చివరా ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు, వెనకాల ఇంకో పదిమంది పాడుతూ చప్పట్లు కొడుతున్నారు. ఈయన బ్రేకు వేశాడు. ఇంజను ఆరిపోయింది.

"ఇటుకల పండగ బాబూ! డబ్బులిచ్చి ఎల్లండి!"

చైత్రమాసంలో మన్యంలో ఈ పండగ చేస్తారని నాకు తెలుసు. మా స్కూల్లో అటెండరు అరకువాడే, ఏటా సెలవు పెట్టి వెళ్తాడు. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకెళ్తారు. ఆ రోజుల్లో రోడ్లన్నీ ఆడవాళ్లవి. వచ్చేపోయే బండినల్లా ఆపి పండగ డబ్బులు తీసుకుంటారు. ఇన్ని తెలిసీ, బండి ఆగితే చచ్చిపోయే జబ్బున్న కారుని తీసుకుని సరిగ్గా ఆ వారమే బయల్దేరాను.

ఐదు రూపాయలిచ్చాను. ఊరికే ఉండలేక, "మగవాళ్లకి వేట దొరక్కపోతే?" అని అడిగాను.

"వట్టి సేతుల్తో వత్తే పేడనీల్లు పోత్తాం!" అని గొల్లున నవ్వారు.

ఎదురుగా నిట్టనిలువు ఎక్కుడు. మెకానికల్ లెక్చరరుగారి సిద్ధాంతం ప్రకారం వెనక్కి వదిలాం. మా వెనక ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. దాని కండక్టరు కిందికి దిగి, విజిల్ ఊదుతూ, "రైట్... రైట్... సార్, గోడ!" అంటూ మాకు దారి చూపించాడు. బస్సులోవాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. మూడోసారికి రివర్సులో అందుకుంది. తల తీసేసినట్టయింది నాకు. ఈయన మాత్రం బస్సువాళ్లకి చెయ్యి ఊపాడు.

టైడా దగ్గర రెండో గేటు, మరో ఐదు రూపాయలు. తోశారు, స్టార్టయింది, ఒక కిలోమీటరు వెళ్లాక రేడియేటరు పొంగింది. చల్లారే దాకా గంటంబావు రాతి మీద కూర్చున్నాం. ఈయన జేబులు తడుముకుని వేరుశెనక్కాయలు తీశాడు. ఈల వేశాడు. లోయలోకి చూసి, "చూడు, రైలు సొరంగంలోకి వెళ్తోంది" అన్నాడు. బండి పొంగినప్పుడు ఈ మనిషి ఇంత హుషారుగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఒంటిగంటన్నరకి అనంతగిరిలో భోజనం. ప్లేటు పదిహేను రూపాయలు, కోడికూరకి వేరే పన్నెండు. ఈయన పప్పు రెండుసార్లు, మజ్జిగ మూడుసార్లు వేయించుకున్నాడు. మునక్కాడని నమిలిన విధానం చూశాక నాకు వెలిగింది.

"మీకు అమ్మడం ఇష్టం లేదు, అవునా?"

"అయ్యో, సంతకం పెడతానన్నాను కదా."

"పెడతారు. నాలుగు దాటాక పెడతారు."

ఆయన ఊరగాయ జాడీ మీద ఏదో రాసి ఉన్నట్టు దానివైపే చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి డబ్బులిచ్చేసి బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాను. ఈసారి మాత్రం వాలు మీదే ఆపించాను లెండి.

అనంతగిరి దాటి రెండు మలుపులు తిరిగామో లేదో మూడో గేటు. టైము రెండూ ఇరవై. అక్కడ రోడ్డు ఓ వంద గజాలు సమంగా ఉండి తర్వాత ఎక్కుడు. ముందు నిలబడ్డది బుద్రి అనే ముసలావిడ. ముక్కుకి మూడు ముక్కుపుడకలు, నోట్లో పొగాకు చుట్ట. ఆవిడ చెయ్యి ఎత్తితే లారీలు ఆగుతున్నాయి. పది రూపాయలు తీసుకుని బొడ్లో దోపుకుని, మా వ్యవహారం చూసింది. ఈయన దిగి వెనక్కి వెళ్లాడు, నేను స్టీరింగు దగ్గరికి జరిగాను.

"నువ్వే నడుపుతావేటమ్మా?"

"లేదమ్మా, తోసేటప్పుడు మటుకే. నడిపేది ఆయన."

"అదేటి! కూకుండేది నువ్వు, తోసేది ఆయన. ఇంక నడపడమంటే ఏటి?"

బుద్రి వెనక్కి తిరిగి, "గుంటల్లారా, రండే! ఆయమ్మ బేగి ఎల్లాలంట!" అని కేకేసింది. ఎనిమిదిమంది వచ్చి బండి వెనక చేతులు వేశారు. మా ఆయన మధ్యలో ఇరుక్కున్నాడు. కట్టెల మోపులతో రోజూ కొండ ఎక్కి దిగే మనుషులు వాళ్లు. ఒక్క తోపుకి బండి గుండ్రాయి దొర్లినట్టు దొర్లింది. క్లచ్ వదిలాను. ఇంజను గర్జించింది.

అద్దంలో చూశాను. ఆడవాళ్లు దాటి ముందుకి రాలేక ఈయన ఇంకా వెనకే ఉన్నాడు, చెయ్యెత్తి పరిగెడుతున్నాడు. వాచీ చూశాను. రెండూ ముప్పై ఐదు. ఇక్కడ ఆగితే ఇంజను పోతుంది. మళ్లీ తోసుడు, మళ్లీ ఆయన ఈల, మళ్లీ వేరుశెనక్కాయలు. నాలుగు దాటిపోతుంది, సాలూరు జీపు గెలుస్తుంది, మా వంటగదిలో ఆముదం చెట్లు కాయలు కాస్తాయి. ఆగాలంటే ఆగొచ్చు. నేను ఆగలేదు.

నాకు అప్పుడు లైసెన్సు లేదు. ఇప్పుడుంది, కంగారు పడకండి.

పదో గజం దాటింది. పదకొండో గజం నుంచి నాకు కొత్త. వెనకనుంచి "సుగుణా! సుగుణా!" అని వినిపించింది, తర్వాత బుద్రి వాళ్ల నవ్వులు వినిపించాయి, తర్వాత ఇంజను ఒక్కటే. "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ మొదటి మలుపు తిప్పాను. బండి తిరిగింది. నేనే ఆశ్చర్యపోయాను. రెండో మలుపులో ఎదురుగా బస్సు. హారను కొట్టాను. మా బండిలో సరిగ్గా పనిచేసేది అదొక్కటే. బస్సు డ్రైవరు కొండవైపుకి ఒదిగిపోయి ఆపేసి, కిటికీలోంచి చూసి, "ఎల్లు తల్లీ, ఎల్లు!" అని దణ్ణం పెట్టాడు.

థర్డు గేరు వేయాలని తెలుసు. తొమ్మిదేళ్లు పక్క సీట్లో కూర్చుని ఆయన చెయ్యి ఎటు కదులుతుందో చూశాను. వేశాను. గర్రుమని రేకు చింపినట్టు చప్పుడు. మళ్లీ సెకండు. గర్రు. ఆ గేరుబాక్సు పళ్లు రాజమండ్రిలో చేయించినవి, మూడు వేల రెండొందలు. ప్రతి గర్రుకీ నాకు ప్రాణం పోయినట్టయింది. ఇంజను కొంచెం దగ్గితే, అది కార్బురేటరు, నా పార్సిలు. బ్రేకు తొక్కితే, అంబాసిడర్ లైనింగు కోసి అతికించినది, నాలుగొందలు. ఆ బండిలో ఏ మూల ఏ శబ్దం వచ్చినా అది ఎన్ని రూపాయలదో నాకు తెలుసు. ఆయనకి బండి తెలుసు గానీ, దాని వెల మొత్తం తెలిసినదాన్ని నేనే.

గాలికొండ దగ్గర పైకెక్కేసరికి చల్లటి గాలి మొహానికి కొట్టింది. రెండుపక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికింద కాఫీ మొక్కలు. జడ ఊడిపోయింది. పిన్నులు ఎటు పోయాయో తెలియదు. నాకు నలభై రెండేళ్లు, నాకంటే పెద్దది బండి, మేమిద్దరం కొండ మీద ఉన్నాం. ఉన్నమాట చెప్పాలి కదా, అంత సంతోషం నాకు పెళ్లిరోజున కూడా కలగలేదు. సండే స్కూల్లో నేర్చుకున్న పాట గొంతెత్తి పాడాను.

సుంకరిమెట్ట దగ్గర నాలుగో గేటు. ఆపితే పోతుంది. హారను మీద చెయ్యి తియ్యకుండా, "ఆగలేనమ్మా! ఆగితే చచ్చిపోద్ది!" అని అరిచాను. గేటు పట్టుకున్న పిల్ల నన్ను చూసి, నోరు తెరిచి, "ఓలమ్మో! ఆడమనిసే!" అని బొంగు ఆకాశానికెత్తేసింది. వాళ్ల చప్పట్ల కిందనుంచి దూసుకుపోయాను. ఉన్న ఐదు రూపాయల బిళ్ల వెనక్కి విసిరాను.

మూడూ ముప్పై ఐదుకి అరకులో సత్యంబాబు హోటలు గేటులోకి తిప్పాను. ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు, పక్కన సూట్‌కేసు. ఆపాలి. ఆపలేదు. హోటలు ముందు గడ్డి చుట్టూ ఒక చుట్టు తిరిగాను. ఇంకో చుట్టు తిరిగాను. పాపం ఆయన నా వెనకే తిరుగుతూ, "మేడమ్, బ్రేకులు లేవా మేడమ్?" అని అడుగుతున్నాడు. మూడో చుట్టు తిరిగి ఆపాను. ఇంజను ఆరిపోయింది.

ఆయన కాఫీ తెప్పించాడు. అరకు కాఫీయే, బాగుంది. బండి చుట్టూ తిరిగి చూసి, డబ్బు కట్టలు బల్ల మీద పెట్టాడు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి ఆర్‌సీ పుస్తకం తీశాను. అంతా అనుకున్నట్టే అవుతోంది. ఇంతలో ఆయన మేనేజరుని పిలిచి, "సోమవారం ఇంజను పీకించెయ్యి. బానెట్టు తీసేసి మట్టి నింపు, బంతి మొక్కలు వేద్దాం. టూరిస్టులు ఫొటోలు దిగుతారు" అన్నాడు.

"ఇంజను పీకేస్తారా?" అన్నాను.

"మనకెందుకు మేడమ్ ఇంజను? కిలోల లెక్కన పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాం."

కిలోల లెక్కన! నాలో లెక్కల టీచరు లేచింది. హెడ్ గాస్కెట్టు రెండుసార్లు అన్నాను. క్లచ్ ప్లేటు అన్నాను, కార్బురేటరు అన్నాను, రాజమండ్రి పళ్లు అన్నాను, దేనికెంతయిందో పైసలతో సహా చెప్పాను. "ఇంజనుతో సహా అయితే ఎనభై వేలు" అన్నాను.

"కానీ నాకు ఇంజను వద్దు కదండీ."

"అయితే పీకిన ఇంజను మాకు ఇచ్చెయ్యండి. మేం పట్టుకెళ్తాం."

"ఏం చేసుకుంటారు మేడమ్?"

"వంటింట్లో పెట్టుకుంటాను. మీకెందుకు?"

ఆ మాట అంటుండగా గేటు దగ్గర జీపు ఆగింది. దాన్లోంచి మా ఆయన దిగాడు. తల నుంచి కాలిదాకా పచ్చగా, చిక్కగా పేడనీళ్లు కారుతున్నాయి. నా వెనక పరిగెత్తి పరిగెత్తి అలసిపోతే, వేట నుంచి తిరిగొస్తున్న ఐదుగురు జీపులో ఎక్కించుకున్నారట. వాళ్లకి కుందేలు కూడా దొరకలేదు. వాళ్ల ఊరి దగ్గర ఆడవాళ్లు కాసుకుని కూర్చున్నారు. జీపులో ఎవరు ఊరివాళ్లో, ఎవరు పాలిటెక్నిక్ లెక్చరరో చూసే తీరిక వాళ్లకెక్కడిది? ఆరుగురికీ సమానంగా పోశారు.

ఆయన నావైపు చూడకుండా బండి దగ్గరికి వెళ్లి, బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది కాబోలు, తీసేశాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి, "పెన్ను ఇవ్వండి, సంతకం పెడతాను. నువ్వు ఇంత కష్టపడి తెచ్చాక ఇంక నేను అడ్డుపడను సుగుణా. స్లాబు వేసుకుందాం" అన్నాడు.

ఆ మనిషి అలా తడిసి నిలబడి నిజంగానే సంతకం పెడతానంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. "ఊరుకోండి మీరు! బేరం జరుగుతుంటే మధ్యలో ఏంటి?" అని కసిరాను. ఆర్‌సీ పుస్తకం బ్యాగులో పెట్టి జిప్పు లాగేశాను. "డెబ్బై ఎనిమిది. ఇంజను పీకకూడదు, మొక్కలు వెయ్యకూడదు, వారానికోసారి స్టార్ట్ చెయ్యాలి."

సత్యంబాబు నన్ను చూశాడు, మా ఆయన్ని చూశాడు, వాచీ చూసుకున్నాడు. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది. కట్టలు సూట్‌కేసులో పెట్టేసుకుని, "రూము తీసుకోండి, ఈ రాత్రికి నూటయాభైకి ఇస్తాను. స్నానం చేయించండి ముందు ఆయన్ని" అని వెళ్లిపోయాడు.

స్లాబు పోయింది. అది మటుకు నిజం. రూములో మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆయన స్నానాల గదిలోంచి మూడుసార్లు సబ్బు అడిగాడు. ఒక్కసారి కూడా "ఎందుకు అమ్మలేదు?" అని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకే తెలియదు, అందుకని ఊరుకున్నాడనే అనుకుంటాను.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను, ఆయన, హోటలు వంటవాళ్లిద్దరూ తోశారు. ఇంజను అందుకుంది. ఆయన అలవాటుగా పరిగెత్తుకొచ్చి, కుడివైపు తలుపు మీద చెయ్యి వేశాడు. నేను జరగలేదు. పక్కనే రెండడుగులు పరిగెత్తి, నా మొహం చూసి, బండి వెనకనుంచి చుట్టు తిరిగొచ్చి ఎడమవైపు దూకాడు.

ఘాట్ దిగేటప్పుడు ఆయన సిద్ధాంతం నిజమే, అంతా వాలు. ఎదురుగా కొండలు మంచులో ఉన్నాయి, రోడ్డు ఖాళీగా ఉంది. మూడు సబ్బులు అరగదీసినా పేడ వాసన పోలేదు. అనంతగిరి ముందు మళ్లీ బుద్రి గేటు. క్లచ్ తొక్కిపెట్టి, యాక్సిలరేటరు వదలకుండా ఇంజనుని బతికించే కిటుకు అప్పటికి నేర్చేసుకున్నాను. ఆపాను. ఆరిపోలేదు.

బుద్రి చుట్ట తీసి నన్ను గుర్తుపట్టింది. "అమ్మా! నిన్న అంత బేగి ఎల్లినావు గదా ఏటకి. ఏటి తెచ్చినావు?"

ఎడమవైపు చూశాను. మా ఆయన తల దువ్వుకుని, ఉతికినా మరకలు పోని చొక్కాలో, బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇదిగో. ఇదొక్కటే దొరికింది" అన్నాను.

గేటు దగ్గరున్న ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. బుద్రి మాత్రం నవ్వలేదు. వంగి, ఆయన చెయ్యి పట్టుకుని, కండ నొక్కి చూసింది. "ముసల్ది గానీ పర్లేదు. ఏట తెచ్చినోల్లు ఊరికి వాటా పెట్టాల" అంది. ఆయన జేబులోంచి నేనే పది రూపాయలు తీసి ఇచ్చాను. బొంగు లేచింది.

అరకు వెళ్లేవాళ్లకి నా సలహా ఏమిటంటే, చైత్రంలోనే వెళ్లండి, చిల్లర ఎక్కువ పెట్టుకోండి, సెల్ఫు మోటరు బాగు చేయించుకుని వెళ్లండి. రానూపోనూ పెట్రోలు, తిండి, రూము, గేట్లు కలిపి మాకు ఏడువందల పాతిక అయింది. సోమవారం స్కూలుకి వెళ్లేముందు గురుమూర్తి మేస్త్రి షెడ్డుకి వెళ్లి, ఆరువందల యాభై నా చేత్తో నేనే ఇచ్చాను. పెందుర్తి స్లాబు ఇంకో మూడేళ్లకి పడింది. ఆ మూడేళ్లూ బండి రిపేర్లు ఆయన జీతంలోంచి జరిగాయి, ఎందుకంటే నడిపేవాళ్లు నడపాలి, ఖర్చు పెట్టేవాళ్లు పెట్టాలి కదా.

ఆ ఆదివారం బుద్రి గేటు దాటి టైడా దిగేదాకా ఆయన నా చెయ్యి ఎటు కదులుతుందో చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు చదునయ్యాక, ముందుకే చూస్తూ మెల్లిగా, "థర్డు వెయ్యొచ్చు" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

వేశాను. గర్రుమనలేదు.